సవరణ: కూటమ్మాకు మట్టి ఇళ్లలో కలప వాడతారు

పశ్చిమ ఆఫ్రికా దేశమైన టోగో ఉత్తరాన కూటమ్మాకు అనే ప్రాంతంలో బటమ్మరిబా జనం కట్టుకునే బురుజుల్లాంటి మట్టి ఇళ్ల గురించి మొన్న పోస్టు పెట్టాను కదా, అందులో "కలప అసలు వాడరు, పైకప్పు బరువంతా గోడలే మోస్తాయి" అని రాశాను. అది తప్పు, ఫొటోల్లో బయటి గోడలు చూసి రాసేశాను.

ఆ ఇళ్లపై పరిశోధన చేసినవాళ్లు రాసినదాని ప్రకారం, లోపల పంగల గుంజలు నాటి, వాటిమీద దూలాలు వేసి, ఆపైన కర్రలు పరిచి మట్టి దట్టిస్తారు, అదే పై అంతస్తుకి నేల. గోడలు మాత్రం నిజంగా మట్టివే. తడి మట్టిని వరసగా పెడతారు, అది ఆరితేగానీ పై వరస వెయ్యరు, అందుకే పని నెమ్మదిగా సాగుతుంది. గోడ ఎత్తేది మగవాళ్లు, పూత పూసేది ఆడవాళ్లు (మొత్తం మగవాళ్లే కడతారని కామెంట్లలో ఎవరో అన్నారు, అదీ కాదు). కింద పశువులు, పైన పడక గదులు, గడ్డి టోపీ పెట్టిన గాదెలు.

ఇంకొకటి, ఇవి టోగోలోనే ఉన్నాయన్నాను. పక్కనున్న బెనిన్‌లోనూ ఉన్నాయి. యునెస్కో 2004లో టోగో వైపు ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, 2023లో బెనిన్ వైపుకీ విస్తరించింది. పాత పోస్టులో ఆ రెండు వాక్యాలూ మార్చాను.