కిడ్నీకి రంగుంటుందా?

ర్యాంకు గురించి మనవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఎంసెట్‌లో అంకె ఎంత చిన్నదైతే ఇంట్లో అంత సంబరం. అమెరికాలో చనిపోయిన దాత నుంచి తీసిన కిడ్నీకి కూడా అలాంటి ర్యాంకే ఒకటి ఇస్తారు. దాని పేరు కేడీపీఐ. సున్నా నుంచి 100 దాకా ఉంటుంది. అంకె తక్కువైతే కిడ్నీ ఎక్కువ కాలం పనిచేస్తుందని అంచనా. అక్కడే డయాలిసిస్‌లో ఉన్న మా బాబాయి ముందు ఒక కాగితం పెట్టి, 85 దాటిన కిడ్నీ వస్తే తీసుకుంటారా అని అడిగారు. పిన్ని నా వైపు తిరిగి, "అంత వెనక ర్యాంకుది మనకెందుకురా" అంది.

సరే, ఆ ర్యాంకు ఎలా కడతారో చూద్దామని కూర్చున్నాను. 2009లో వచ్చిన లెక్క అది. దాత వయసు, ఎత్తు, బరువు, బీపీ, షుగర్, కిడ్నీ పనితీరు తెలిపే రక్తంలోని క్రియాటినిన్, ఎలా చనిపోయారు, గుండె ఆగాక తీసిన కిడ్నీయా, హెపటైటిస్ సి ఉందా. ఇవి తొమ్మిది. పదోది, దాత నల్లజాతికి చెందినవారా అని. అవునని టిక్ పడిందా, మిగతావన్నీ సమానంగా ఉన్నా సరే, ఆ కిడ్నీ చెడిపోయే ప్రమాదం సుమారు 20 శాతం ఎక్కువని లెక్క. 2014 డిసెంబరు నుంచి కిడ్నీల పంపిణీలోనే ఈ అంకెని వాడుతున్నారు.

జాతిని ఊరికే పెట్టలేదు, గణాంకాలు అలా ఉన్నాయి అంటారు. నిజమే. పశ్చిమ ఆఫ్రికా మూలాలున్న కొందరిలో ఏపీఓఎల్1 అనే జన్యువులో తేడా ఉంటుంది. అది తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వస్తే కిడ్నీకి ముప్పు. కానీ అలాంటివాళ్ళు అమెరికా నల్లజాతీయుల్లో నూటికి 13 మంది దాకా. ఒకరిద్దరు పాలల్లో నీళ్ళు కలిపారని ఊరందరి పాలకీ ధర తగ్గించినట్టుంది ఇది. అనుమానముంటే జన్యువుని పరీక్షించాలి, ఒంటి రంగుని కాదు.

నన్ను ఎక్కువ బాధించింది ఇంకొకటి. కిడ్నీ పనితీరు చెప్పే ఈజీఎఫ్ఆర్ లెక్కలో (ఇక్కడ అంకె ఎక్కువైతే కిడ్నీ బాగున్నట్టు) నల్లజాతి రోగులకి చాలాకాలం అంకె పెంచి చూపించారు. దాంతో జబ్బు ముదిరినా వెయిటింగ్ లిస్టులో ఆలస్యంగా చేరారు. అంటే మనిషి బతికుండగా కిడ్నీ బాగానే ఉంది పొమ్మన్నారు. అదే మనిషి చనిపోయి కిడ్నీ ఇస్తే నాసిరకమన్నారు. రెండు చోట్లా నష్టం ఒక్కరికే! ట్రాన్స్‌ప్లాంట్ కేంద్రాలు ఆ పెంపు వాడకూడదని 2022లో రూలు పెట్టారు. 2023 నుంచి, పోగొట్టుకున్న నిరీక్షణ కాలాన్ని రోగులకి తిరిగి కలిపారు. దాత లెక్క నుంచి జాతిని 2024 అక్టోబరు ఆఖర్లో గానీ తీయలేదు. ఇప్పుడు మందులతో నయమవుతున్న హెపటైటిస్ సిని కూడా అప్పుడే తీశారు.

ఇందులో మనకేం పని అని అడగొచ్చు. దాత పొట్టిగా ఉన్నా, 80 కిలోల కన్నా తక్కువున్నా ఈ లెక్కలో ర్యాంకు వెనక్కి పోతుంది. చిన్న ఒంట్లో చిన్న కిడ్నీ, అర్థముంది. కానీ తీసుకునే మనిషి కూడా చిన్నగానే ఉంటే? ఆ సంగతి అంకెకి తెలియదు. షుగర్ ఉందా లేదా అంతే. ఏళ్ళ తరబడి మాత్రలేసుకుని అదుపులో పెట్టుకున్నదీ, అసలు పట్టించుకోనిదీ దాని దృష్టిలో ఒకటే. మన ఇళ్ళలో పెద్దవాళ్ళని తలుచుకోండి, ఎన్ని టిక్కులు పడతాయో.

పోనీ ఆ అంకె అంత గట్టిదా అంటే, రెండు కిడ్నీలిచ్చి ఏది ఎక్కువ కాలం పనిచేస్తుందో చెప్పమంటే పదిసార్లలో ఆరుసార్లు సరిగ్గా చెబుతుంది. బొమ్మాబొరుసూ వేసినా అయిదుసార్లు చెబుతాం. ఇలాంటి అంకె చూసి భయపడేది మా పిన్ని ఒక్కతే కాదు, సర్జన్లూ భయపడతారు. లిస్టులో దాదాపు 90 వేలమంది ఎదురుచూస్తున్న దేశంలో, తీసిన కిడ్నీల్లో ఇంచుమించు నాలుగో వంతు ఎవరికీ అమర్చకుండా పోతున్నాయి. జాతి గడి కొట్టేశాం కదా అని చేతులు దులుపుకుంటే చాలదనేది అందుకే. ర్యాంకు ఒక్కటే చూసి వద్దన్న ఆస్పత్రి, ఎందుకు వద్దందో రోగికి చెప్పాలి.

బాబాయికి 68 ఏళ్ళు, షుగర్ ఉంది. ఈ వయసులో ఏళ్ళకేళ్ళు డయాలిసిస్ మీద ఉండటం కన్నా 85 దాటిన కిడ్నీ అయినా మేలని డాక్టరు విడమర్చి చెప్పాక సంతకం పెట్టాడు. పిన్ని ఇప్పుడు ఫోను సౌండు పెంచి, తలగడ పక్కనే పెట్టుకుని పడుకుంటోంది.