వడ్డీ లేదు సరే, మరి నష్టం ఎవరి నెత్తిన?

ఇస్లామిక్ ఎకానమీ అనగానే చాలామంది అదేదో సగం సోషలిజం అనుకుంటారు, ప్రైవేటు వ్యాపారానికి పడదనుకుంటారు. అసలా మతం పుట్టిందే వర్తకుల ఊళ్లో కదండీ. ప్రవక్త ముహమ్మద్ స్వయంగా వ్యాపారి ఖదీజా గారి సరుకు తీసుకుని సిరియా దాకా వెళ్లొచ్చినాయన. సొంత ఆస్తి, లాభం, పోటీ అన్నీ ఓకే. సరుకు దాచి రేటు పెంచడం, తూకంలో మోసం, వడ్డీ, ఇవి మాత్రం కుదరవు. మిగులు డబ్బు మీదా, అమ్మకానికున్న స్టాక్ మీదా ఏటా 2.5 శాతం జకాత్, అంటే తప్పనిసరి దానం, కట్టాలి, మెషిన్ల మీద అక్కర్లేదు.

నాకు బాగా నచ్చేది ముదారబా. ఒకరు డబ్బు పెడతారు, ఇంకొకరు కష్టం పెడతారు, లాభమొస్తే ముందే అనుకున్నట్టు 60:40 గానో ఇంకోలాగానో పంచుకుంటారు. నష్టమొస్తే పోయే డబ్బంతా పెట్టుబడి పెట్టినాయనదే, నడిపినోడికి పోయేది పడ్డ చాకిరీ. మోసమో నిర్లక్ష్యమో ఉంటే తప్ప వాడి ఇల్లూ వాకిలీ జోలికి రాకూడదు. కొత్తగా బిజినెస్ పెట్టేవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

కానీ ఇస్లామిక్ బ్యాంకుకి వెళ్తే ఎక్కువగా చేతిలో పెట్టేది మురాబహా. మీక్కావాల్సిన మెషిన్ బ్యాంకు 100కి కొని మీకు 115కి వాయిదాల్లో అమ్ముతుంది. ఆ 15 కూడా చాలా చోట్ల మార్కెట్ వడ్డీ రేటు చూసే లెక్కేస్తారు, అదీ తమాషా. లేటయితే అప్పు పెరగదు, ఫైన్ వసూలు చేసినా దానధర్మాలకే పోవాలి, ఆ తేడా ఉంది, కాదనను. కానీ బిజినెస్ మునిగినా వాయిదా కట్టాల్సిందేగా, ఇంక పార్ట్‌నర్ ఎక్కడున్నట్టు?

నిజంగా పార్ట్‌నర్‌గా ఉండి చూసినవాళ్లూ ఉన్నారు. 1963లో ఈజిప్టులో అహ్మద్ అల్ నజ్జార్ అనే ఆర్థికవేత్త మిత్ గమ్ర్ అనే ఊళ్లో మొదలెట్టిన పొదుపు బ్యాంకు చిన్న చిన్న వ్యాపారాల్లో వాటాదారుగా డబ్బు పెట్టింది, కొన్నేళ్లకే మూతపడింది, అందులో రాజకీయం కూడా ఉందిలెండి.

తప్పంతా బ్యాంకులదే అననుగానీ, లాభం పంచాల్సొచ్చేసరికి దొంగ లెక్కల పుస్తకం బయటికి తీసే వ్యాపారులు లేరా? ఇక డిపాజిట్ వేసేవాళ్లకి హలాల్ కావాలి, అసలుకి మాత్రం ఎసరు రాకూడదు. నష్టాల్లో వాటా పడి మీ 100 ఈ ఏడాది 93 అయిందండీ అని ఒక్కసారి చెప్పి చూడండి, మర్నాడు పొద్దున్నే బ్యాంకు ముందు లైన్ కట్టేస్తారు, వెనక్కి తీసుకోడానికి.