బన్‌కోంబ్ జనం కోసం ఒక ప్రసంగం

1820 ఫిబ్రవరి. అమెరికా ప్రతినిధుల సభలో మిస్సోరిని రాష్ట్రంగా చేర్చుకోవడంపై చర్చ వారాల తరబడి సాగి, సభ్యులకు విసుగు ముదిరి, ఓటింగ్ పెట్టండని గోల చేస్తున్నారు. అప్పుడు నార్త్ కరోలినా సభ్యుడు ఫెలిక్స్ వాకర్ లేచారు. తోటివాళ్లు కూర్చోమని బతిమాలినా వినలేదు. తన బన్‌కోంబ్ కౌంటీ జనం ఎదురుచూస్తున్నారని, వాళ్ల కోసమైనా మాట్లాడి తీరాలని పట్టుబట్టారు.

ఆ బన్‌కోంబ్ పేరు నుంచి అలా పుట్టిందే బంకమ్. ఆర్భాటంగా వినిపించే పస లేని మాటలకు ఇంగ్లిష్‌లో ఉన్న పేరు ఇది. 1828 నాటికే వాషింగ్టన్‌లో ఇది పాత నానుడి. తర్వాత ఇంకా అరిగి బంక్ అయింది. చరిత్ర అంతా దాదాపు బంకే అని 1916లో హెన్రీ ఫోర్డ్ అన్నది ఈ మాటతోనే.

ఈ కథను అందరూ నవ్వుకుంటూ చెప్పుకుంటారు. నాకు మాత్రం మింగుడుపడదు. ఆ రోజు సభ తేల్చాల్సింది మిస్సోరిలో బానిసత్వం ఉండాలా వద్దా అన్నది. ఆ ఏటి జనగణన ప్రకారం అమెరికాలో బానిసలు 15 లక్షలకు పైనే. వాళ్ల తరఫున మాట్లాడమని ఎవరినీ సభకు పంపే హక్కు వాళ్లకు లేదు. మార్చిలో రాజీ కుదిరింది: మెయిన్ బానిసత్వం లేని రాష్ట్రం, మిస్సోరి బానిసత్వం ఉన్న రాష్ట్రం. వాకర్ మొండితనం గుర్తుంచుకున్న భాష, ఆ చర్చ ఎవరి బతుకుల మీదో మరిచిపోయింది.

బన్‌కోంబ్ పేరుకు జరిగిందీ అన్యాయమే. స్వాతంత్ర్య యుద్ధంలో, 1777లో జర్మన్‌టౌన్ దగ్గర గాయపడి, బ్రిటిష్ వాళ్లకు చిక్కి, బందీగానే చనిపోయిన కల్నల్ ఎడ్వర్డ్ బన్‌కోంబ్ జ్ఞాపకార్థం ఆ కౌంటీకి పెట్టిన పేరది.

మనం ఊకదంపుడు ఉపన్యాసం అంటే తప్పు మాటల్లో ఉంటుంది. వాకర్ విషయంలో తప్పు, ఆ మాటలు ఎవరికోసం అన్నదాంట్లో ఉంది. నిర్ణయం తీసుకోవాల్సిన వాళ్లను ఎదురుగా పెట్టుకుని, ఊళ్లో ఓటర్లకు వినిపించడానికి మాట్లాడటం అది. 1923లో వచ్చిన డీబంక్, అంటే బూటకాన్ని బయటపెట్టడం, అన్న మాటను ఇప్పుడు ఫ్యాక్ట్ చెక్ చేసేవాళ్లు తెగ వాడుతున్నారు. వాళ్లు అబద్ధాన్ని పట్టుకుంటారు, మంచిదే. కానీ వాకర్ అబద్ధమాడారన్నది తోటి సభ్యుల ఫిర్యాదు కానే కాదు. ఆయన ప్రతి వాక్యం నిజమని తేలినా, ఆ ప్రసంగం బంకమే అయ్యేది.