సవరణ: జవాన్లను సివిల్ పోలీసులు ముట్టుకోలేరన్నది తప్పు

మొన్న నేను, జవాను ఏం చేసినా ఎర్రటోపీ మిలిటరీ పోలీసులే చూసుకుంటారు, సివిల్ పోలీసులకు సంబంధం లేదని రాశాను. తప్పు రాశాను. ఆర్మీ చట్టం, 1950లోని 70వ సెక్షన్ ప్రకారం మామూలు పౌరుణ్ణి హత్య చేస్తే కేసు మామూలు కోర్టుకే పోతుంది, సైన్యం సొంత కోర్టు అయిన కోర్ట్ మార్షల్‌కు కాదు (యాక్టివ్ సర్వీస్‌లో అంటే యుద్ధం లాంటి విధుల్లో, విదేశంలో, కొన్ని సరిహద్దు పోస్టుల్లో ఉంటే లెక్క వేరు). అదే సికింద్రాబాద్ బజార్లో తాగి ఎవరినో కొట్టాడనుకోండి, రెండు చోట్లా విచారించొచ్చు, ఎక్కడన్నది ముందు తేల్చేది 125వ సెక్షన్ కింద సైన్యం పై అధికారి. కోర్టు ఒప్పుకోకపోతే చివరి మాట కేంద్రానిది. నేను బోల్తాపడ్డది అరెస్టు నిబంధన దగ్గర: కేంద్రం అనుమతి లేకుండా అరెస్టు చేయకూడదన్నది డ్యూటీలో భాగంగా చేసిన పనులకే, సెలవు మీద ఊరొచ్చి పెట్టుకున్న గొడవకు కాదు. అన్నట్టు, ఆ ఎర్రటోపీలవాళ్లు పట్టుకోగలరే గానీ సొంతంగా శిక్ష వేయలేరు.