టాపిక్ ఎంత పెద్దదైతే అంత క్షేమం

మా అమ్మాయి ఎనిమిదో క్లాసు. ఈమధ్య ఇంగ్లీష్ మేడం ఎస్సే రాసుకురమ్మన్నారు. టాపిక్ ఎయిర్ పొల్యూషన్, 250 పదాలు, సోమవారానికల్లా ఇవ్వాలి. ఆదివారం సాయంత్రం ఆరింటికి ఆ సంగతి ఇంట్లో బయటపడింది. బడికెళ్లే పిల్లలున్న ఇళ్లలో ఎస్సేలు ఎప్పుడూ ఆదివారం సాయంత్రమే బయటపడతాయి. చార్టులూ థర్మకోల్ షీట్లూ కూడా అప్పుడే.

"నాన్నా, నేను మామ్మ గుడ్డ గురించి రాస్తాను" అంది.

ఆ మాట విన్నాక ఒక బాధ్యత గల తండ్రిగా నాకు పట్టుకున్న టెన్షనే ఈ వ్యాసం రాయిస్తోంది.

మామ్మ గుడ్డ అంటే ఏమిటో ముందు చెప్పాలి. మేముండేది విశాఖ వన్‌టౌన్‌లో, పాతకాలపు మేడ. మా అమ్మ పొద్దున్నే లేచి, ఇంకా కాఫీ కూడా తాగకుండా, పాత చీర ముక్క తడిపి కిటికీ గట్లు తుడుస్తుంది. తర్వాత తులసికోట. ఆ తర్వాత తులసాకులు, ఒక్కొక్కటీ రెండు వేళ్ల మధ్య పట్టుకుని, పసిపిల్ల చెవులు తుడిచినట్టు తుడుస్తుంది. గుడ్డ నల్లబడుతుంది. బకెట్లో జాడిస్తే నీళ్లు నల్లబడతాయి. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంకోసారి, రాత్రి కిటికీలు మూసేముందు మరోసారి, ఎన్నిసార్లు తుడిచినా అదే నలుపు. ఆ చీర ఒకప్పుడు పసుపురంగుదని ఇంట్లో ఆవిడొక్కతికే గుర్తు. ఆ నలుపు ఎక్కణ్ణుంచి వస్తుందో, ఎవరిదో ఇక్కడ రాయను. రాస్తే అది నిజంగానే టాపిక్ అయి కూర్చుంటుంది.

"అమ్మలూ, గుడ్డ టాపిక్ కాదమ్మా" అన్నాను. "ఎయిర్ పొల్యూషన్ అంటే ఢిల్లీ. తాజ్‌మహల్. లండన్."

"మనం ఢిల్లీ వెళ్లలేదు కదా?"

"వెళ్లకపోతేనే బాగా రాయొచ్చు."

విద్యార్థి ఎస్సేకి టాపిక్ ఎలా ఎంచుకోవాలో ఏ శాస్త్రంలోనూ రాసిలేదు గానీ, తరతరాలుగా మనం పాటిస్తున్న పద్ధతి ఒకటుంది. టాపిక్ పెద్దదై ఉండాలి. ఎంత పెద్దదంటే, రాసే పిల్లకి దాని మీద సొంతంగా చెప్పడానికి ఒక్క ముక్క కూడా ఉండకూడదు. ప్రపంచశాంతి, దేశాభివృద్ధిలో యువత పాత్ర, సైన్సు వరమా శాపమా... ఇవి దిట్టమైన టాపిక్కులు. పదమూడేళ్ల పిల్ల 250 పదాల్లో ప్రపంచశాంతి తేల్చేయాలంటే ఖండానికి 35 పదాలు పడతాయి. అంటార్కిటికాలో గొడవలేమీ లేవు కనుక దాని వాటా ఆసియాకి సర్దేయొచ్చు.

చిన్న టాపిక్‌తోనే ప్రమాదం. వీధి చివర కుళాయి గురించి రాయమంటే పిల్ల వెళ్లి కుళాయిని చూస్తుంది. చూసిందంటే ఏదో ఒకటి కనిపిస్తుంది. అక్కడ బిందెలు ఏ వరసలో పెడతారు, ఎవరి బిందె ముందుకి జరుగుతుంది, ఎందుకు జరుగుతుంది అని అడుగుతుంది. అడిగాక జవాబు వెతుకుతుంది. ఇక ఆ ఎస్సే ఎక్కడ తేలుతుందో మనకీ తెలీదు, మేడంకీ తెలీదు. యాభైమంది యాభై రకాలుగా రాసుకొస్తే దిద్దేదెవరు? ఈ ఒక్క ముక్కా నేను వెటకారంగా అనడం లేదు. ఐదు సెక్షన్ల నోటుబుక్కులు ఆటోలో వేసుకుని ఇంటికి మోసుకెళ్లే మేడంలను చూశాను. అందరూ ఒకేలా రాస్తేనే వాళ్లకి రాత్రి నిద్ర.

అసలు ఎస్సే అన్న మాట పుట్టుకలోనే కొంత పొరపాటు జరిగింది. 1580లో మాంటేన్ అనే ఫ్రెంచాయన తన రాతల పుస్తకానికి ఆ పేరు పెట్టాడు. అర్థం 'ప్రయత్నం'. రాసి చూద్దాం, ఏం తేలుతుందో అని. ఆయన వాసనల మీద ఒకటి రాశాడు. బొటనవేళ్ల మీద ఒకటి రాశాడు. పెద్దమనిషి, చదువుకున్నవాడు, కూర్చుని బొటనవేళ్ల మీద! మన దగ్గర చదివుంటే క్వార్టర్లీ పరీక్షల్లోనే పోయేవాడు. తల్లిదండ్రుల్ని పిలిపించి మాట్లాడేవారు కూడా.

మనవాళ్లు ఆ పొరపాటు దిద్ది ఆవుని పట్టుకొచ్చారు. పూర్ణామార్కెట్ దగ్గర నిలబడి చూడండి, ఆవు క్యాబేజీ ఆకులు తింటుంది, అవి అయిపోతే అట్టపెట్టె తింటుంది. ఎస్సేలో మాత్రం ఎప్పుడూ గడ్డే. కొబ్బరిచెట్టు గురించి రాయమంటే ఆవుని తెచ్చి చెట్టుకి కట్టేసిన కుర్రాడి కథ చెప్పుకుని అందరూ నవ్వుతారు గానీ, టాపిక్ డెవలప్ చేయడం వాడికి తెలిసినంతగా ఎవరికి తెలుసు? డాల్ఫిన్ నోస్ కొండ మీది లైట్‌హౌస్ గురించి అడిగినా వాడు తడుముకోడు. తాడు కొంచెం పొడుగుది కావాలి, అంతే.

మా అక్క కొడుకు సంగతి చెప్తాను. 2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్. గంటకి 180 కిలోమీటర్లకి పైగా గాలి. వాడప్పుడు తొమ్మిదో క్లాసు. మా అక్కావాళ్ల మేడ మీద నీళ్ల ట్యాంకు లేచి, రెండిళ్లు దాటి, ఎవరిదో స్కూటర్ మీద పడింది. పడ్డ చప్పుడు కూడా వినపడలేదట, గాలి హోరు అలా ఉంది. వాడు మంచం కింద పడుకుని, చేత్తో తలుపు పట్టుకుని ఉన్నాడు, తలుపు పోతుందేమోనని. మర్నాడు బయటికొస్తే వీధిలో చెట్టన్నది లేదు. కైలాసగిరి పచ్చదనమంతా పోయి మట్టిరంగు తేలింది. రోజుల తరబడి కరెంటు లేదు, పాల పాకెట్ కోసం క్యూ, సిగ్నల్ కోసం ఫోన్లు పైకెత్తి పట్టుకుని మేడల మీద జనం.

తర్వాత పరీక్షలొచ్చాయి. ఇంగ్లీష్ పేపర్లో ఎస్సే, 'ఎ రైనీ డే'. మావాడు రాసిందేమిటంటే, ఆకాశం మేఘావృతమైంది, నెమళ్లు పురివిప్పి ఆడాయి, పిల్లలం కాగితం పడవలు వదిలాం, అమ్మ వేడివేడి పకోడీలు వేసింది. పదికి తొమ్మిది.

"ఒరే, ట్యాంకు సంగతి రాయలేకపోయావా?" అన్నాను.

"అది పాయింట్స్‌లో లేదు మావయ్యా."

ఇదీ క్రమశిక్షణ! తుపాను తలుపు లాగేసుకుంటున్నా వదలని కుర్రాడు, ఎస్సేలో పాయింట్స్‌ని కూడా వదల్లేదు. మన ఊళ్లో నెమలి కావాలంటే జూకి వెళ్లాలి. అయినా రాశాడు. నమ్మకమంటే అది.

'ఎ విజిట్ టు ఎ హిల్ స్టేషన్' అని ఇంకోటుంది. ఈ ఊళ్లో పుట్టిన ప్రతి పిల్లా ఎప్పుడో ఒకప్పుడు కిరండూల్ పాసింజర్ ఎక్కి అరకు వెళ్లే ఉంటుంది. కొత్తవలస-కిరండూల్ లైన్లో 58 సొరంగాలున్నాయి. బండి సొరంగంలోకి దూరగానే బోగీ మొత్తం ఒక్కసారిగా కేకలు పెడుతుంది. చీకట్లో అరిచేవాళ్లలో బ్యాంకు ఆఫీసర్లూ ఉంటారు, వెలుతురు రాగానే ఏమీ ఎరగనట్టు పేపర్ చదువుకుంటారు. ఇదంతా తెలిసిన పిల్లలు క్లాసు క్లాసంతా ఊటీ వెళ్లొచ్చినట్టు రాశారు. అందరూ ఒకేరోజు, ఒకే బస్సులో. అందరి నాన్నలూ ఐస్‌క్రీమే కొనిపెట్టారు. పొద్దున్న ఆరింటికి విశాఖలో ఎక్కి మధ్యాహ్నం భోజనానికి ఊటీలో దిగారు. గైడు రాసినాయనది ఊటీ పక్క ఊరనుకుంటాను.

నేనూ తక్కువ తినలేదు. పోయినేడు స్కూలువాళ్లు మా అమ్మాయిని కుర్సురా చూడ్డానికి తీసుకెళ్లారు. 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసి, 2002 నుంచి ఆర్కే బీచ్‌లో మ్యూజియమై కూర్చున్న సబ్‌మెరైన్. లోపల ఇరుకు దారులు చూసి ఇది అక్కడి గైడుని అడిగిందట, "ఇంతమందీ స్నానం ఎక్కడ చేసేవారంకుల్?" అని. ఆయన నవ్వి చాలాసేపు చెప్పాడట, చుట్టూ సముద్రం ఉన్నా లోపల మంచినీళ్లు ఎంత పొదుపుగా వాడేవారో. రాత్రి అన్నం తింటూ అదే కబురు. మర్నాడు 'ఎ విజిట్ టు ఎ మ్యూజియం' మొదలుపెడితే మొదటి వాక్యంలోనే స్నానం. నేనే దగ్గరుండి కొట్టేయించాను. 'ఇట్ ఈజ్ వెరీ బిగ్ అండ్ వెరీ ఇన్‌ఫర్మేటివ్' అని పెట్టించాను. లోపల అంత ఇరుకైతే బిగ్ ఎలా అవుతుందని అడిగింది. కసిరాను.

ఈ చదువు వృథా పోదు. పై చదువులకి అమెరికా వెళ్లేటప్పుడు ఎస్‌ఓపీ అని ఒకటి రాసివ్వాలి. నేనెందుకు ఈ చదువు చదవాలనుకుంటున్నానో చెప్పే ఎస్సే. మాకు తెలిసిన జాలరిపేట కుర్రాడు ఒకడు, తండ్రికి ఫిషింగ్ హార్బర్లో ఒక బోటులో వాటా ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తీరంలో మరబోట్లకి వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. బోట్లన్నీ కట్టేసి ఉంటాయి, రంగులూ రిపేర్లూ వలల పనీ అప్పుడే. నీళ్ల లోతూ చేపల గుంపూ చూపించే మిషను ఒకటి బోటులో చచ్చిపడి ఉంటే, ఇంటర్ సెలవుల్లో ఈ కుర్రాడు విప్పాడు. మిషన్‌కి ఏ రోగమూ లేదు, ఉప్పుగాలికి లోపల వైరు ఒకటి తినేసింది. వైరు మార్చి, దాని మీద కొవ్వొత్తి మైనం కరిగించి పోశాడు. పనిచేసింది. ఆ వేసవంతా పక్క బోట్లవాళ్లు కూడా వీణ్ణే పిలిచారు. అందుకని వాడు ఎలక్ట్రానిక్స్ తీసుకున్నాడు.

ఇదే రాసుకుని ద్వారకానగర్లో ఒక కన్సల్టెన్సీకి వెళ్లాడు. అక్కడి సారు చదివి, "చేపల వాసనొస్తోంది బాబూ" అన్నారు. తీసేసి, వాళ్ల దగ్గరున్నది పెట్టారు. 'సిన్స్ మై చైల్డ్‌హుడ్ ఐ హ్యావ్ బీన్ ఫ్యాసినేటెడ్ బై కంప్యూటర్స్.' చిన్నప్పుడు వాళ్లింట్లో కంప్యూటర్ లేదు. వాడి తర్వాత వరసలో కూర్చున్న అమ్మాయికీ అదే వాక్యం పెట్టారట, ఆమె వెనకాల కుర్రాడికీ అదే. 61 రోజులు ఒడ్డున కట్టేసిన బోటూ, ఉప్పు తిన్న వైరూ, మైనమూ చదివే భాగ్యం ఆ అమెరికా ప్రొఫెసర్‌కి తప్పిపోయింది. ఆయనకి మాత్రం రొయ్యల సీజన్లో పడ్డట్టు వలనిండా ఫ్యాసినేటెడ్‌లే పడి ఉంటాయి.

ఈమధ్య గైడూ కొనక్కర్లేదు, ఫోనే రాసిపెడుతోంది. చాట్‌జీపీటీని అడిగాం. గైడులో 'ఇన్ ది మోడరన్ వరల్డ్' అని మొదలయ్యేది ఇందులో 'ఇన్ టుడేస్ ఫాస్ట్-పేస్డ్ వరల్డ్' అని మొదలైంది. సాంకేతికంగా మనం ముందుకే వెళ్లినట్టు.

సరే, మా ఎస్సే. రాత్రి ఎనిమిదిన్నరకి పని పట్టాలెక్కింది. నేను చెప్తున్నాను, ఇది రాస్తోంది. ఢిల్లీలో చలికాలం పొగమంచు. పసుపుబారుతున్న తాజ్‌మహల్. 1952 డిసెంబర్లో లండన్ని కమ్మేసిన పొగ, వేలమంది చావు. అడ్వాంటేజెస్, డిసడ్వాంటేజెస్ అని సైడ్ హెడింగులు పెడదామంటే, పొల్యూషన్‌కి అడ్వాంటేజెస్ ఏముంటాయని పేచీ పెట్టింది. ఒక హెడింగుతోనే సరిపెట్టాం. చివర్న ఒక మంచిమాట రాసి అబ్దుల్ కలాంగారు అన్నారని పెట్టాం, ఏ మేడమూ కాదనరు. లెక్కపెడితే 248 పదాలు. రెండు 'వెరీ'లు కలిపాం.

అప్పటికి మా అమ్మ కిటికీల దగ్గర రాత్రి వంతు తుడుపులో ఉంది. "ఏట్రా అది, అంతసేపు రాయించావు? ఏదీ, చదివి తెలుగులో చెప్పమను" అంది. అమ్మాయి ఒక్కో వాక్యం చదివి చెప్పింది. అమ్మ గుడ్డ చేత్తో పట్టుకునే విన్నది. అక్కడ పిల్లలు ముక్కుకి మాస్కు కట్టుకుని బడికెళ్తారన్న చోట ఆగిపోయింది.

"అయ్యో! ఢిల్లీవాళ్లు ఎలా బతుకుతున్నారో పాపం" అంది.

మనవరాలి చేతిరాత చూద్దామని పేపర్ ఇలా తెమ్మని అందుకుంది. కళ్లజోడు లేదు, దగ్గరగా, దూరంగా పట్టుకుని చూసి, గుండ్రంగా ఉందని మెచ్చుకుని ఇచ్చేసింది. కుడివైపు మార్జిన్ మీద, తాజ్‌మహల్ పక్కన, నల్లటి బొటనవేలి ముద్ర. గీతలతో సహా స్పష్టంగా పడింది. రబ్బరు పెడితే ఇంకాస్త పాకింది. మళ్లీ రాయడానికి టైమ్ లేదు, తొమ్మిదిన్నర దాటింది, పిల్ల కూర్చునే తూగుతోంది.

బుధవారం పేపర్ తిరిగొచ్చింది. పదికి తొమ్మిది. కంటెంట్ దగ్గర వెరీ గుడ్ అని రాశారు. ఆ ముద్ర చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, పక్కన 'నీట్‌నెస్' అని రాసి, ఒక మార్కు తీసేశారు.