సవరణ: బావ రైఫిల్ త్రీనాట్‌త్రీ కాదు

మొన్న మా బావ టెక్సస్‌ల కొన్న పాత మిలిటరీ రైఫిల్ గురించి రాసిన గదా, దాంట్ల త్రీనాట్‌త్రీ (.303) తూటాలే వాడాలె అన్న, అది తప్పు, ఎవ్వలు అట్ల చెయ్యకుండ్రి. బోల్ట్ (తూటాను లోపలికి నెట్టి మూసే కడ్డీ) పాడైందన్నది గూడ తప్పే, ఏండ్ల కింద పూసిన గ్రీజు గడ్డకట్టింది అంతే, మినరల్ స్పిరిట్ తోని తుడిస్తె ఇప్పుడు అలకగ జారుతుంది. ఆ గ్రీజు పోయినంకనే ఆర్ఎఫ్ఐ (బెంగాల్‌ల ఉన్న మన రైఫిల్ ఫ్యాక్టరీ ఇషాపూర్) ముద్ర బయటపడ్డది! హన్మకొండల కూసొని వీడియో కాల్‌ల మల్ల చూసిన, తూటాలు పెట్టే మ్యాగజైన్ నలుపలకగ ఉంది, 12 తూటాలు పడ్తయ్, గురి చూసే వెనక సైట్ మీద 800 మీటర్ల దాకనే అంకెలున్నయ్, అంటే అది మన ఇషాపూర్ 2ఎ1, చూపుకు త్రీనాట్‌త్రీ కాల్చే బ్రిటిష్ లీ ఎన్‌ఫీల్డ్ లెక్కనే ఉంటది గని 1960లల్ల 7.62 నాటో అనే వేరే తూటా కోసం చేసింది. ఇంకా కాల్చలే, ముందు గన్‌స్మిత్‌కు (తుపాకులు బాగుచేసేటాయనకు) హెడ్‌స్పేస్, అంటే మూసిన బోల్ట్‌కు లోపల తూటా ఆనే తావుకు నడుమ దూరం, సరిగ ఉందో లేదో చూపియ్యమన్న. ఆ ముద్ర చూస్తె మాత్రం నాకు ఇక్కడ్నే కడుపు నిండింది.