సూక్తి ఉండగా సాయమెందుకు?

ఉద్యోగం పోయిన మనిషికి తొలి గంటలో అందేది మరో ఉద్యోగం కాదు, సూర్యోదయం బొమ్మ. కొండల మధ్య ఎర్రటి సూర్యుడు, మూలన ఎగిరే పక్షి ఒకటి, నడుమ తెల్లటి అక్షరాలు: 'ఒక తలుపు మూసుకుంటే వంద తలుపులు తెరుచుకుంటాయి.' ఆ వందలో ఒక్కదాని చిరునామా అయినా బొమ్మ మీద ఉండదు. ఇది లోపమని గిట్టనివాళ్లు అంటారు. నన్నడిగితే సూక్తి గొప్పతనమంతా అక్కడే ఉంది. చిరునామా ఇస్తే వెంట వెళ్లాలి, సిఫారసు చేయాలి, పని కాకపోతే మాట పడాలి. సూక్తికి ఆ బెడద లేదు. పైగా పుచ్చుకున్నవాడు రెండు చేతులు జోడించిన బొమ్మను తిరిగి పంపాలి. అంటే కష్టమూ వాడిదే, కృతజ్ఞతా వాడిదే. పరోపకారం ఇంత చౌకగా ఏ యుగంలోనూ జరగలేదు.

సంస్థలు ఈ రహస్యాన్ని ఎప్పుడో పట్టేశాయి. ముగ్గురి పని ఒక్కడి నెత్తిన పడ్డ చోటే 'కలిసి నడిస్తే కొండలైనా కదులుతాయి' అన్న పటం వేలాడుతుంది. జీతం పెంచితే నెలనెలా ఇచ్చుకోవాలి. పటానికైతే ఒక్క మేకు చాలు.

ప్రభుత్వాలేమీ తక్కువ తినలేదు. 1939లో యుద్ధం ముంచుకొస్తుండగా బ్రిటన్ ప్రభుత్వం, నిబ్బరంగా ఉండి పని సాగించమని ప్రజలకు చెప్పే పోస్టర్లను దాదాపు 24 లక్షలు అచ్చువేయించింది. వాటిలో చాలామటుకు గోడ ఎక్కకుండానే కాగితపు గుజ్జయ్యాయి. ఆ దేశం బాంబుల వర్షాన్ని సూక్తి సాయం లేకుండానే తట్టుకుంది. 2000లో ఒక పాత పుస్తకాల దుకాణంలో మిగిలిన ప్రతి ఒకటి బయటపడ్డాక, బాంబులేవీ పడని రోజుల్లో, అదే సూక్తి కప్పుల మీదా చొక్కాల మీదా ఎక్కి ప్రపంచమంతా తిరిగింది. అవసరం తీరాక గాని రాణించకపోవడం సూక్తుల జాతి లక్షణం కాబోలు.

ఇక సంతకం సంగతి. 'లోకంలో చూడదలచిన మార్పు మీరే కండి' అని గాంధీజీ ఆ మాటల్లో అన్నట్టు ఆధారమేదీ దొరకలేదు. మనం మారగలిగితే లోకం పోకడలూ మారతాయన్న అర్థంలో 1913లో ఆయన రాసినది ఇంకాస్త పొడుగు. అంత పొడుగు బొమ్మలో పట్టదు కనుక మహాత్ముణ్ణే కుదించారు. బతికి ఉంటే కుదింపును అహింసాయుతంగా ఎదిరించేవారేమో!

అసలు అర్థం ఉండి తీరాలన్న నియమం కూడా లేదు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయ పరిశోధకులు గంభీరమైన పదాలను ఎటుపడితే అటు అతికించిన వాక్యాలను జనం ముందు పెట్టి, ఆ ఫలితాలను 2015లో ప్రచురించారు. వాక్యాలకు వ్యాకరణం ఉంది, అర్థం లేదు. అయినా చదివినవారు సగటున వాటిలో ఎంతోకొంత లోతు చూశారు. మరుసటి ఏడాది ఆ పరిశోధనకు ఇగ్ నోబెల్ శాంతి బహుమతి దక్కింది. నవ్వించే పరిశోధనలకిచ్చే బహుమతే గానీ, శాంతి విభాగాన్ని ఎంచుకోవడం సబబే: అర్థమైతేనే కదా తగాదా.

తొందరపడి చెడినవాడికి 'నిదానమే ప్రధానం', ఆగి చెడినవాడికి 'ఆలస్యం అమృతం విషం' సిద్ధంగా ఉన్నాయి. చెప్పేవాడు ఓడిపోయే దారే లేదు.

కనుక సూక్తిని చెల్లుబాటయ్యే నాణెంగా గుర్తించాలని నా మనవి. ఈ నెల అప్పు వాయిదా కింద బ్యాంకుకు 'డబ్బుతో సంతోషాన్ని కొనలేం' అని వినయంగా రాసి, కింద ఎవరైనా కీర్తిశేషుడైన మహనీయుడి పేరు పెడదాం. ఆయన కాదనడానికి రారు. మేనేజరు కాదంటే, మహనీయుణ్ణి అవమానించాడని పైఅధికారులకు ఫిర్యాదు చేద్దాం.